కూర్చుంటే కునుకు

ఏటా ఈ పేజీలో మీతో నాలుగు మాటలు చెప్పుకోవడం నాకు అలవాటు. ఈసారి చెప్పబోయేది కాస్త సిగ్గుపడవలసిన విషయమే. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే మీలో చాలామందికి ఇదే జబ్బు ఉందని ఆదివారం ధ్యానం క్లాసులో ఒక కన్ను తెరిచి చూసి మరీ కనిపెట్టాను.

జబ్బు పేరు కునికిపాట్లు.

ఆదివారం పొద్దున్నే గుడి బేస్‌మెంట్‌లో పాతికమందిమి కూర్చుంటాం. క్లాసు నడిపే మాస్టారు "కళ్ళు మూసుకోండి, శ్వాసను గమనించండి" అంటారు. అయిదు నిమిషాలు బాగానే గమనిస్తాను. ఆ తర్వాత శ్వాస ఉంటుంది గానీ గమనించేవాడు ఉండడు. తల ముందుకు వాలుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ వాలుతుంది. గంట మోగాక, ఏవో లోకాలు తిరిగి వచ్చినవాడిలా మొహం పెట్టి మెల్లగా కళ్ళు తెరిచేవాణ్ణి. ఒకరోజు కారులో మా ఆవిడ ఆ గాలి కాస్తా తీసేసింది.

"ఏవండీ, మీరు సమాధిలోకి వెళ్తే వెళ్ళారు గానీ, గురక బయటికి వినిపిస్తోందండీ. పక్కావిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది."

నాకు పౌరుషం వచ్చింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. తీరా చూస్తే ఈ ఇబ్బంది మనకంటే చాలా పెద్దవాళ్ళకే వచ్చింది. బుద్ధుడి ముఖ్య శిష్యుల్లో ఒకడైన మౌద్గల్యాయనుడు ధ్యానంలో తూగుతుంటే, బుద్ధుడే వచ్చి ఉపాయాలు చెప్పాడని అంగుత్తర నికాయంలో ఉంది. ఏ తలపు దగ్గర మగత కమ్ముతోందో దాన్ని వదిలెయ్యమన్నాడు. పోకపోతే విన్న ధర్మాన్ని మనసులో తలపోసుకోమన్నాడు. అప్పటికీ పోకపోతే పైకి వల్లె వెయ్యమన్నాడు. చెవులు లాక్కుని ఒళ్ళు రుద్దుకోమన్నాడు. లేచి కళ్ళు కడుక్కుని నక్షత్రాల వంక చూడమన్నాడు. పగటి వెలుగును మనసులో నిలుపుకోమన్నాడు. లేచి అటూ ఇటూ నడవమన్నాడు. చివర ఇంకొకటి కూడా చెప్పాడు. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. ఆ సంగతి ఆఖరున చెబుతాను.

పతంజలి తన యోగసూత్రాల్లో యోగానికి అడ్డొచ్చేవి తొమ్మిదని లెక్క చెప్పి, మనసు మొద్దుబారడాన్నీ, బద్ధకాన్నీ కూడా అందులో చేర్చాడు. గౌడపాదులవారు మాండూక్య కారికల్లో మనసు లయంలోకి జారితే మేలుకొలపమన్నారు, చెదిరితే శాంతపరచమన్నారు. మోసమంతా ఈ లయం దగ్గరే ఉంది. నిద్రలోనూ ఆలోచనలుండవు, మనసు నిలిచినప్పుడూ ఉండవు. అందుకని రెండూ ఒకటే అనుకుని మురిసిపోతాం. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. లేచాక ఒళ్ళు తేలికగా, మనసు తేటగా ఉంటే అది ధ్యానం. మెడ పట్టేసి, ఎక్కడున్నానో తెలియడానికి అర నిమిషం పడితే అది నిద్ర.

సరే, పట్టుదలగా అన్నీ చేశాను. చల్లనీళ్ళు కొట్టుకున్నాను, చెవులు లాక్కున్నాను. పది నిమిషాలు మెలకువగా ఉండేవాణ్ణి, మళ్ళీ మొదలు. నాలో ఏదో లోపముంది, శ్రద్ధ చాలడం లేదు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంకా తెల్లవారుజామున లేచి సాధన పెంచాను. రాత్రి పదకొండింటికి ఇండియా వాళ్ళతో ఆఫీసు కాల్, పొద్దున నాలుగున్నరకి ధ్యానం. ఎంత తెలివైన పనో చూడండి!

ఒక ఆదివారం క్లాసు అయ్యాక ఇంటికి వస్తున్నాం. మా ఆవిడ ఫోనులో ఏదో చూసుకుంటోంది, వెనక సీట్లో మా ఎనిమిదేళ్ళ అమ్మాయి. ఉన్నట్టుండి కారు కింద గరగరమని పెద్ద చప్పుడు. హైవే అంచున గాళ్ళు కోసి ఉంటాయి చూడండి, వాటి మీదికి ఎక్కేశాం. మా ఆవిడ కెవ్వుమంది. స్టీరింగ్ తిప్పాను. పక్క లేన్‌లో ఏ ట్రక్కూ లేకపోవడం ఆ దేవుడి దయ. మిగతా దూరం తనే నడిపింది. ఎవరం మాట్లాడలేదు. ఇల్లు చేరబోతుంటే వెనక నుంచి అమ్మాయి అడిగింది.

"నాన్నా, నువ్వు అప్పుడు ధ్యానం చేస్తున్నావా?"

వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చేతికొక కాగితం ఇచ్చారు. ఎప్‌వర్త్ స్కేల్ అంటారట, 1991లో ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు తయారుచేశారు. టీవీ చూస్తూ, చదువుకుంటూ, మీటింగులో కూర్చుని, భోజనం అయ్యాక ఊరికే కూర్చుని, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాలు. ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశాన్ని బట్టి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 24. పది దాటితే ఆలోచించవలసిందే. చిన్నప్పటి నుంచి లెక్కల్లో కూడా ఇంత ధారాళంగా మార్కులు రాలేదు నాకు. పదహారు!

ఒక రాత్రి ఇంట్లోనే పరీక్ష చేశారు. స్లీప్ ఆప్నియా అని తేలింది. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, రాత్రంతా ఇదే వరస. మనకు గుర్తుండదు గానీ, తెల్లారేసరికి నిద్రపోయినట్టే ఉండదు. గట్టి గురక, పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు మగత, ఇవీ దాని గుర్తులు. లావు లేనివాళ్ళకూ రావచ్చు. ఇప్పుడు రాత్రిళ్ళు మాస్కు తగిలించుకుని పడుకుంటున్నాను. ఆ గొట్టం చూసి మా అమ్మాయి "గుడ్ నైట్ వినాయకా" అంటుంది. రాత్రి కాల్స్ వారానికి రెండు చేసుకున్నాను. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. అంతా కలిసి రెండు నెలలయ్యేసరికి ఆదివారం కునుకు చాలావరకు పోయింది.

మా బామ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుతుండేది. లక్ష్మణస్వామి పద్నాలుగేళ్ళు మేలుకుంటే, ఆయన నిద్ర కూడా ఊర్మిళ పోయింది. చిన్నప్పుడు అదొక కథ. ఇప్పుడు వింటే నిద్ర బాకీ గురించి చెప్పినట్టుంది. ఎవరో ఒకరు తీర్చాలి. మన బాకీ తీర్చే ఊర్మిళలు లేరు, మనమే తీర్చుకోవాలి.

బాకీ తీరాక కూడా కాస్త మగత వస్తుంది, అది సహజం. దానికి నాకు పనికొచ్చినవి చెబుతాను. పడక మీద కూర్చోవద్దు. టిఫిన్ తిన్న వెంటనే కూర్చోవద్దు. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం లోపలికి పెట్టండి. మగత వస్తే కళ్ళు సగం తెరిచి రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద చూపు నిలపండి. ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి, తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. అప్పటికీ ఆగకపోతే లేచి నిలబడండి, మెల్లగా నడవండి. తూగుతూ గంట కూర్చునే కన్నా, మెలకువగా పావుగంట మేలు. ఇవేవీ పని చెయ్యక, పగలల్లా మగతగా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. ఆ మగతతో స్టీరింగ్ ముట్టుకోవద్దు.

ఇక బుద్ధుడు చెప్పిన ఆఖరి ఉపాయం. ఏం చేసినా మగత పోకపోతే, మళ్ళీ లేవాలని మనసులో అనుకుని, కుడిపక్కకు తిరిగి పడుకోమన్నాడు. లేవగానే చురుగ్గా లేవమన్నాడు. అంతటి శిష్యుడికే నిద్రపొమ్మని చెప్పిన మాట నేను పుస్తకంలో చదివి కూడా దాటేశాను.

ఈ ఉగాదికి అందరికీ ఆయురారోగ్యాలతో పాటు కంటినిండా నిద్ర కూడా కలగాలని కోరుకుంటున్నాను. ఆదివారం క్లాసులో కలుద్దాం. నా పక్కన ఇప్పుడు నిర్భయంగా కూర్చోవచ్చు.