తాళం కావాలి, తాళం చేసేవాడు అక్కర్లేదా?

మాదాపూర్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, మన ఇంజినీరు దూరాన ఉన్న లినక్స్ సర్వర్‌లోకి వెళ్లాలంటే కొట్టే కమాండ్ ఎస్‌ఎస్‌హెచ్. దాని వెనక సాధారణంగా ఉండేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. దాన్ని తయారు చేసింది ఏ లక్షల కోట్ల కంపెనీయో కాదు. కెనడాలోని క్యాల్గరీ కేంద్రంగా థియో డి రాట్ నడిపిస్తున్న ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు. 1999 నుంచి ఆ తాళాన్ని లోకానికి ఊరకే ఇస్తోంది. ఆపిల్ తీసుకుంది, లినక్స్ కంపెనీలన్నీ తీసుకున్నాయి, చివరికి విండోస్‌లోకీ వెళ్లింది.

మరి 2014 జనవరిలో ఆ ప్రాజెక్టు నుంచి వచ్చిన వార్త ఏమిటి? సర్వర్ల కరెంటు బిల్లుకు 20,000 డాలర్లు కావాలి, లేకపోతే మూసేసుకోవాల్సిందే అని! పెద్ద కంపెనీలు ఒక్క పూట విందుకు తగలేసే సొమ్ము అది. అప్పుడు ఆ బిల్లు మొత్తాన్ని భరిస్తానని ముందుకొచ్చింది ఒక బిట్‌కాయిన్ వ్యాపారి. మిగతావాళ్లలో చాలామంది ఇచ్చింది సలహాలు: పాత యంత్రాలు పారేయండి, క్లౌడ్‌కు మారండి! రకరకాల ప్రాసెసర్ల మీద నడిపి చూస్తేనే ఒకదాంట్లో నక్కిన తప్పు ఇంకోదాంట్లో బయటపడుతుందని, ఆ కరెంటు ఖర్చయ్యేది అందుకేనని వీళ్లకు ఎవరు చెప్పాలి?

మూడు నెలలు తిరక్కుండానే హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకుల నుంచి మెయిళ్ల దాకా అందరూ నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అంత పెద్ద కంత. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టుకు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లని అప్పుడు తెలిసింది. అప్పుడు గానీ పెద్ద కంపెనీలన్నీ కలిసి నిధి పెట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఓపెన్‌బీఎస్‌డీవాళ్లు మాత్రం ఆ కోడ్ తీసుకుని, మొదటి వారంలోనే సుమారు 90,000 లైన్లు పీకి పారేసి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టారు. కొత్త హంగులు చేర్చినవాడికి ప్రమోషన్ ఇచ్చే మన ఆఫీసుల్లో, చెత్త తీసేసినవాడికి ఏనాడైనా చప్పట్లు కొట్టారా?

వీళ్లు తప్పులు చేయరని నేననను. 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే పెద్ద లోపం దొరికింది, లినక్స్ సర్వర్లు ప్రమాదంలో పడ్డాయి. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం పడలేదు. ఆ లోపానికి దారి ఇచ్చే లాగ్ రాసే ఫంక్షన్‌కు సురక్షితమైన రూపాన్ని 2001లోనే తయారు చేసి పెట్టుకుంది. ఇరవై మూడేళ్ల ముందుచూపు! అది పవర్‌పాయింట్ స్లయిడ్లతో రాదు, పాత కోడ్‌ను మళ్లీ మళ్లీ చదివితే వస్తుంది. చదివేవాడికి అన్నం కావాలి.

‘రాట్ నోరు మంచిది కాదు’ అంటారు. కాకపోవచ్చు. 1994లో ఆయన్ని అంతకుముందు పనిచేసిన నెట్‌బీఎస్‌డీ ప్రాజెక్టు నుంచి సాగనంపారు కూడా. అయితే ఏం? ఆయన చేసిన తాళం వేసుకుని నిద్రపోతున్నారు కదా! సర్కారు డబ్బు మీద ఆధారపడమంటారా? అదీ అయింది. 2003లో ఆయన ఇరాక్ యుద్ధాన్ని విమర్శించిన కొద్ది రోజులకే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిధులు ఆగిపోయాయి. ఒక్క దాత చేతిలో జుట్టు పెడితే జరిగేది అదే.

2015లో మైక్రోసాఫ్ట్ పెద్ద విరాళం ఇచ్చింది, నిజమే. ఎప్పుడు? తన పవర్‌షెల్‌కు ఎస్‌ఎస్‌హెచ్ అవసరం పడ్డాక. అవసరం పడ్డాకైనా ఇచ్చినవాడు, ఏళ్ల తరబడి వాడుకుంటూ పైసా విదల్చనివాడికంటే నయం.

హైదరాబాద్‌లో సెక్యూరిటీ బడ్జెట్ల మీద సంతకాలు పెట్టే పెద్దలారా, లైసెన్సు ఫీజు అడగలేదు కాబట్టి బాకీ లేదనుకోకండి. ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషన్ విరాళాలు తీసుకుంటుంది. వచ్చే ఏడాది బడ్జెట్‌లో దాని పేరు మీద ఒక పద్దు రాయించండి, ఏటా కట్టండి.