పడవకు ముందు కాపలా కావాలి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత ప్రజలారా!

పోచారం జలాశయం మత్తడి దూకిందని తెలిస్తే చాలు, ఆదివారం మన ఊళ్ల బండ్లన్నీ అటే తిరుగుతాయి. ఎల్లారెడ్డి, కామారెడ్డి, మెదక్ నుంచి జనం టిఫిన్ డబ్బాలు కట్టుకొని, పిల్లలను ముందట కూర్చోబెట్టుకొని వస్తారు. నిజాంసాగర్ గేట్లు ఎత్తిన రోజైతే కట్ట మీద కాలు పెట్టే సందు ఉండదు. బోర్లు ఎండిన ఏండ్లు, కరువులు చూసినవాళ్లం మనం. నీళ్లు నిండుగా కనిపిస్తే కాసేపు ఆగి చూడబుద్ధవుతుంది. పిల్లలకైతే చూస్తే సరిపోదు, పడవ ఎక్కాలి.

ఎక్కాలనుకోవడం తప్పు కాదు. బోటింగ్ రావాలని, పర్యాటకం పెరగాలని, నాలుగు కొలువులు దొరకాలని అడుగుతున్నది మనమే. ఈ కరపత్రం పడవలు వద్దని చెప్పడానికి వేసింది కాదు. మేం అడిగేది ఒక్కటే. గట్టు మీద నిలబడి, నీళ్ల మీదనే కన్ను పెట్టి, ఇంకే పనీ చేయని ఒక మనిషి లేనిచోట పడవ కదలొద్దు. టికెట్లు కోసేవాళ్లు వేరు, లైఫ్ జాకెట్లు పంచేవాళ్లు వేరు. నీళ్లను చూసే మనిషికి చూడటమే పని కావాలి.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, మునిగే మనిషి అరవడు. సినిమాలో చేతులు ఊపుతూ 'కాపాడండి' అని కేకలు పెడతారు. నిజంగా మునిగేటప్పుడు నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది. పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, ఇక కేక ఎక్కడి నుంచి వస్తుంది? చేతులు పైకి లేవవు. రెండు పక్కలా నీళ్లను కిందికి నొక్కుతూ ఉంటాయి. చిన్నపిల్లలైతే నిమిషం కూడా పట్టకపోవచ్చు. పక్కన ఉన్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. అందుకే 'ఏదన్నా అయితే అరుపు వినిపిస్తది, అప్పుడు ఉరుకుతం' అనే కాపలా కాపలా కాదు. నీళ్ల దగ్గర చెవులు పనికిరావు, కండ్లే పనిచేయాలి. ఆ కండ్లు ఫోన్‌లో ఉంటే లైఫ్‌గార్డ్ అని వీపు మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా లాభం లేదు. మన దేశంలో నీళ్లలో మునిగి చనిపోతున్నవాళ్లు ఏటా 30 వేలకు పైనే అని నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వాళ్లలో పడవ ఎక్కినవాళ్లు కొందరే. మిగతావాళ్లు బావులు, చెరువులు, కాలువల్లో పోయినవాళ్లు. అయితే బావి గట్టున కాపలా ఉంటానని ఎవరూ డబ్బులు తీసుకోలేదు. బోటింగ్ దగ్గర తీసుకుంటున్నారు.

మాలో ఒకరి కుటుంబానికి జరిగింది చెబుతాం. ఆ జలాశయం పేరు, బోటింగ్ నడిపినవాళ్ల పేరు రాయడం లేదు. రాస్తే లొల్లి ఆ ఒక్కచోటికే పరిమితమైపోతుంది. దసరా సెలవులు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ. నలుగురు కూర్చునే పెడల్ బోటులో 'చిన్నపాపే కదా' అంటూ ఐదుగురిని ఎక్కించారు. అమ్మమ్మకిచ్చిన జాకెట్ బకిల్ విరిగి ఉంటే సుతిలి తాడుతో ముడి వేశారు. పాపకు పెద్దవాళ్ల జాకెట్టే తొడిగారు. భుజాల దగ్గర పట్టి పైకి లేపితే అది చెవులు దాటింది. కొంత దూరం పోయాక గాలి మళ్లింది, పెడల్ గొలుసు ఊడింది, పడవ రాతికట్ట వైపు కొట్టుకుపోతూ ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి తీసుకుంది. తండ్రి సగం లేచి చెయ్యి ఊపాడు. గట్టు మీద ఇద్దరు సిబ్బంది. ఒకతను టికెట్ డబ్బులు లెక్కపెడుతున్నాడు. రెండో అతను ఫోన్‌లోంచి తలెత్తి చూసి, ఫొటో కోసం ఊపుతున్నారనుకొని, తానూ చెయ్యి ఊపి మళ్లీ తల దించుకున్నాడు.

దగ్గర్లో వల తీస్తున్న ఒక బెస్తాయన తెప్ప మీద వచ్చి, తాడు కట్టి, పడవను లాక్కొచ్చాడు. రెస్క్యూ బోటు ఒకటి గట్టుకు కట్టేసే ఉంది, అందులో పెట్రోలు లేదు. గట్టెక్కినాక అక్కడి మేనేజర్ అన్న మాట: 'ఏం కాలేదు గదా సార్!'

మన జబ్బంతా ఆ మాటలోనే ఉంది. ఏమీ కాకపోతే ఫిర్యాదు ఉండదు. అయినరోజు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, విచారణ కమిటీ వేస్తారు, నాలుగు నెలలు బోట్లు ఆపుతారు. ఆ తర్వాత అదే గట్టు, అదే సుతిలి తాడు.

అయినరోజులు మనకు కొత్తవి కావు. 2017 నవంబర్ 12, కార్తీక మాసపు ఆదివారం, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లే. ఆ బోటుకు పర్యాటకులను ఎక్కించుకొనే అనుమతే లేదని తర్వాత తేలింది. అనుమతి లేని బోటు పట్టపగలు, అంతమంది కండ్లముందు, మనుషులను ఎక్కించుకొని కదిలింది.

2019 సెప్టెంబర్ 15 నాటి కచ్చులూరు తెలంగాణ ఇండ్లల్లో ఇంకా మానని పుండు. పాపికొండలు చూడటానికి బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు, గోదావరి 5 లక్షల క్యూసెక్కులకు పైగా పోటెత్తి ఉన్నప్పుడు, సుడిలో చిక్కుకొని మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది, బతికి బయటపడ్డవాళ్లు 26 మంది. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి 14 మంది పోతే ఐదుగురే తిరిగి వచ్చారు. లైఫ్ జాకెట్లు బోటులో లేకపోలేదు. చాలామంది వాటిని విప్పేసి ఉన్నారని బతికినవాళ్లు చెప్పారు. వాటిని మళ్లీ తొడుక్కోండని గట్టిగా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఆ వరదలో బోటు పోవద్దని ఆపాల్సింది ఎవరు? ఆ బతికిన 26 మందిని నీళ్లలోంచి తీసింది చాలావరకు కచ్చులూరు గిరిజనులు, తమ సొంత పడవల మీద. బోటును పైకి తీయడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి రోజుల తరబడి లంగర్లు వేసి, అక్టోబర్ 22న బయటికి లాగింది. మునిగిన బోటును లాగడానికి మనుషులను వెతికి తెస్తాం. మునగకుండా చూసే మనిషిని పెట్టడానికి మాత్రం మనకు నిధులుండవు.

అవి పెద్ద నదులు, మనవి జలాశయాలే కదా అంటారా? 2023 మే 14 ఆదివారం నంద్యాల జిల్లా అవుకు రిజర్వాయర్‌లో విహారానికి పోయిన కుటుంబం ఎక్కిన బోటు మునిగి ప్రాణాలు పోయాయి. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదర హర్ణి చెరువులో స్కూలు పిల్లల బోటు బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఆ చెరువు ఊరి నడుమనే ఉంది. పరిమితికి రెట్టింపు మందిని ఎక్కించారు, జాకెట్లు అందరికీ లేవు. ప్రభుత్వ బోటైతే భయం లేదన్న మాట కూడా నిలవదు. 2009 సెప్టెంబర్ 30న కేరళలోని తేక్కడిలో మునిగి 45 మందిని బలిగొన్నది సాక్షాత్తూ ఆ రాష్ట్ర పర్యాటక సంస్థ బోటే. గట్టున జంతువులు కనిపించాయని జనమంతా ఒకే పక్కకు జరిగితే రెండంతస్తుల బోటు పక్కకు ఒరిగిపోయింది. సెల్ఫీ కోసం అందరూ ఒకే వైపు జరిగే అలవాటు మనకూ ఉంది, మరిచిపోవద్దు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. పడవల భద్రతపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో పార్లమెంటు దేశీయ జలయానాల చట్టాన్ని కొత్తగా చేసింది, వందేండ్ల పాత 1917 చట్టాన్ని పక్కన పెట్టింది. ఇంజిన్ బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, అర్హత ఉన్న సిబ్బంది, బీమా ఉండాలని కొత్త చట్టం చెబుతుంది. ఇంజిన్ లేని పడవలను స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. కాగితం మీద లోటు లేదు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు గట్టు మీద ఎవరున్నారన్నదే లోటు. నీటిపారుదల శాఖను అడిగితే పర్యాటక శాఖ అంటారు, అక్కడ అడిగితే కాంట్రాక్టర్ అంటారు. పోచారం అయితే అభయారణ్యం కూడా కాబట్టి అటవీ శాఖ పేరూ వస్తుంది. ఇన్ని శాఖల నడుమ ఒక్క మనిషి పేరు రాసి ఉండదు. ఆ పేరే మాకు కావాలి. టికెట్ కౌంటర్ పక్కన బోర్డు మీద 'ఈ పూట నీళ్ల కాపలా ఫలానా' అని పేరు, ఫొటో ఉండాలి. ఆ మనిషి విజిల్ ఊదితే పడవలన్నీ గట్టుకు రావాలి. గాలి లేస్తే, వరద మొదలైతే బోటింగ్ ఆపే అధికారం కాంట్రాక్టర్‌కు కాదు, ఆ మనిషికే ఉండాలి. రెండు గంటలకొకసారి ఆ కుర్చీలోకి ఇంకొకరు రావాలి. ఎండలో తళతళలాడే నీళ్లను అంతకుమించి శ్రద్ధగా చూడటం ఎవరివల్లా కాదు. రెస్క్యూ బోటులో పొద్దున్నే పెట్రోలు పోసి, ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేసి చూశాకే మొదటి టికెట్ కోయాలి.

అంత మంది మనుషులను ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. మన ఊళ్లల్లోనే ఉన్నారు. నిజాంసాగర్ చుట్టూ, పోచారం చుట్టూ తరతరాలుగా వల మీద బతుకుతున్న గంగపుత్రులు, ముదిరాజులు ఉన్నారు, వాళ్ల మత్స్య సహకార సంఘాలున్నాయి. ఏ మూల లోతుందో, ఎక్కడ మునిగిన మొద్దులున్నాయో, ఏ వేళకు ఏ వైపు నుంచి గాలి లేస్తుందో వాళ్లకు తెలిసినంతగా పట్నం నుంచి వచ్చిన కాంట్రాక్టర్‌కు తెలియదు. ఆపద వచ్చినప్పుడు చాలాచోట్ల ముందుగా దూకుతున్నది ఇలాంటి స్థానికులే, అదీ ఊరికే. ఆ యువకులకు ప్రాణరక్షణ శిక్షణ ఇప్పించి, గుండె ఆగితే ఛాతీ నొక్కి ఊపిరి అందించడం నేర్పించి, సర్టిఫికెట్ ఇచ్చి, నెల జీతం మీద పెట్టుకోవాలి. టికెట్ డబ్బుల్లో మొదటి వాటా వాళ్లది కావాలి.

2025 ఆగస్టు చివరి వారం మనం మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. కట్టినప్పుడు లెక్కవేసిన దానికి రెట్టింపుకు పైగా వరద వచ్చినా 1922 నాటి పోచారం కట్ట నిలిచింది. ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె దగ్గర వాగులో చిక్కుకున్న కూలీలను విపత్తు సహాయ సిబ్బంది బోటు మీద పోయి గట్టుకు చేర్చారు. శిక్షణ పొందిన మనిషి, నడిచే బోటు, సరిపోయే జాకెట్ ఒక్కచోట ఉంటే ఏమవుతుందో ఆ రోజు మన కండ్లతో చూశాం. అంత వరదలో సాధ్యమైన పని, ఎండ కాసే ఆదివారం ఎందుకు సాధ్యం కాదు?

'జనమే మాట వినరు, జాకెట్ ఇస్తే తీసి పక్కన పెడతరు' అని నడిపేవాళ్లు అంటారు. నిజమే, మనలో ఆ తప్పు ఉంది. ఉక్కపోస్తుందని విప్పేస్తాం, ఫొటోలో బాగుండదని విప్పేస్తాం, 'ఇంకొక్కరు పడతరు లే అన్నా' అని బతిమాలి ఎక్కిస్తాం, మందు తాగి ఎక్కేవాళ్లూ ఉన్నారు. కాబట్టే వద్దని చెప్పడం జీతంగా ఉన్న మనిషి కావాలంటున్నాం. మనం ఎప్పుడూ తెలివిగానే ఉంటే కాపలాతో పనేముంది?

చేయాల్సింది చెబుతాం. మీ ఊరి గ్రామసభలో, మున్సిపాలిటీలో ఈ విషయం మీద తీర్మానం పెట్టించండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారికి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఎల్లారెడ్డి ఆర్డీఓ కార్యాలయంలో కూడా ఒక ప్రతి ఇవ్వండి. బోటింగ్ ఉన్న ప్రతిచోటా, రేపు పెట్టబోయే ప్రతిచోటా అనుమతి పత్రం, తనిఖీ తేదీ, బీమా, సిబ్బంది శిక్షణ వివరాలు చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజుతో ఆ పని అవుతుంది. విరిగిన బకిల్, ఖాళీ కుర్చీ, ఫోన్‌లో మునిగిన కాపలాదారు కనిపిస్తే ఫొటో తీసి దరఖాస్తుకు జతచేయండి. జీతం తక్కువైన ఆ పిల్లవాణ్ని నిలదీసి లాభం లేదు, వాణ్ని ఒక్కణ్నే మూడు పనులకు పెట్టినవాళ్లను నిలదీయాలి.

వచ్చే సెలవులకు పిల్లలతో పడవ దగ్గరికి పోయినప్పుడు టికెట్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: 'నీళ్లను చూసే మనిషి ఎవరు?' చూపిస్తే ఎక్కండి. చూపించలేకపోతే టికెట్ కొనకండి, వెనుక నిలబడ్డవాళ్లకు కూడా ఎందుకు కొనలేదో గట్టిగా చెప్పండి.

ఇట్లు
కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల కొందరు తల్లిదండ్రులు