గాలి మనది, గాలిమర ఎవరిది?

రాయలసీమకు మేఘం మొహం చాటేసింది గానీ గాలి ఎన్నడూ చాటేయలేదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేలోపే వాన చాలావరకు అటుపక్క కురిసిపోతుంది. మిగిలిన గాలి జూన్ మొదలు సెప్టెంబరు దాకా మన గుట్టల మీద హోరెత్తుతుంది. వేరుశనగ చేలో ఉన్న కాస్త పదునునూ ఆరగొట్టి పోతుంది. ఇన్నాళ్లూ మన రైతుకు శాపమైన ఆ గాలిని ఇప్పుడు కరెంటుగా మార్చి అమ్ముతున్నారు. అమ్ముకుంటున్నది మాత్రం మనం కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గాలిమరలు మొదట లేచిన చోట్లలో రామగిరి గుట్టలు ఒకటి. అది 1990ల నాటి మాట. ఆ తర్వాత కళ్యాణదుర్గం, ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, ఆస్పరి... ఎటు చూసినా ఫ్యాన్లే. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సామర్థ్యం నాలుగు వేల మెగావాట్లు దాటింది. అందులో దాదాపు అంతా సీమ గుట్టల మీదిదే. ఆ ఫ్యాన్ల నీడ పడే పల్లెకు ఏం దక్కింది? కొందరికి భూమి డబ్బు ఒక్కసారి చేతికొచ్చింది. కొందరికి వాచ్‌మన్ కొలువు దొరికింది. మిగిలినవాళ్లు ఎప్పటిలాగే బెంగుళూరు బస్సెక్కారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు పెద్దలు. మన గాలి కూడా అట్లాగే ఎవరికో అర్పణమైపోయింది.

కల్పవల్లి సంగతి చూడండి. రామగిరి, చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల పల్లెజనం 1990ల నుంచి వేల ఎకరాల బోడిగుట్టలను కాపు కాసి పచ్చగా చేసుకున్నారు. పశువులకు మేత, ఈతచెట్లు, వాగుల్లో నీళ్లు వచ్చాయి. సర్కారు కాగితాల్లో మాత్రం అది బంజరుగానే మిగిలింది. బంజరు గనుక గాలిమరలకు ఇచ్చేశారు. గుట్టలు కోసి రోడ్లు వేశారు. వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పర్యావరణానికి మేలు చేసే కరెంటు కోసం పర్యావరణాన్ని కాపాడినవాళ్ల నోట్లోనే మన్ను కొట్టడం ఎక్కడి న్యాయం? మేం గాలిమరలకు వ్యతిరేకం కాదు. ఊరిని అడగకుండా, ఊరికి వాటా లేకుండా లేచే గాలిమరలకు వ్యతిరేకం.

2019లో రాష్ట్ర ప్రభుత్వానికీ పవన విద్యుత్ కంపెనీలకూ ధర దగ్గర తగాదా వచ్చింది. ఒప్పందంలో యూనిట్‌కు నాలుగు రూపాయల ఎనభై పైసల పైన ఉన్న ధరను ప్రభుత్వం తగ్గించమంది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. మధ్యలో యూనిట్‌కు రెండు రూపాయల నలభై మూడు పైసలే చెల్లించారు. ఒప్పందం ధరే ఇవ్వాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. ఇంత రచ్చలో ప్రభుత్వం ఒక పార్టీ, కంపెనీలు ఒక పార్టీ. గాలి వీచే పల్లె ఏ పార్టీ? దాని పేరు ఏ కాగితంలోనూ లేదు.

పల్లె తానే యజమాని కాగలదా? అయి చూపించిన పల్లె పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖర్చు సుమారు కోటిన్నర రూపాయలు. పంచాయతీ పొదుపు చేసుకున్న సొమ్ముకు బ్యాంకు అప్పు జోడించారు. గాలి బాగా వీచే మరో చోట మర నిలబెట్టారు. ఊరి అవసరం పోను మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మి ఆదాయం తెచ్చుకున్నారు. అది ఏ కోటీశ్వరుల ఊరూ కాదు, మామూలు పంచాయతీ.

డెన్మార్క్‌లో పవన విద్యుత్‌ను మొదట నిలబెట్టింది రైతులూ ఇరుగుపొరుగు సంఘాలే. కోపెన్‌హాగన్ తీరంలో 2000లో లేచిన మిడిల్‌గ్రుండెన్ ప్రాజెక్టులో ఇరవై మరలున్నాయి. వాటిలో సగం ఎనిమిది వేలకు పైగా సభ్యులున్న సహకార సంఘానివి. కొత్త మరల ప్రాజెక్టులో అయిదో వంతు వాటాను చుట్టుపక్కల నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకు ముందుగా ఇవ్వజూపాలని ఆ దేశం 2008లో చట్టం చేసింది. దశాబ్దానికి పైగా అమలు చేసింది కూడా.

మన చట్టంలో దారి లేదనేవాళ్లకు ఒక మాట. 2003 విద్యుత్ చట్టం సొంత వాడకానికి కరెంటు తయారు చేసుకునే హక్కు ఇచ్చింది. 2005 నిబంధనల ప్రకారం వాడకందారులకు ప్లాంటులో కనీసం 26 శాతం వాటా ఉండాలి, తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. సహకార సంఘమైతే సభ్యులంతా కలిసి ఆ లెక్క తీర్చవచ్చు. సంఘం పెట్టుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. కరెంటు సహకార సంఘం మనకు కొత్తా? సిరిసిల్లలో 1970లోనే మొదలైంది. మన కుప్పంలో 1980లలో పుట్టింది.

లెక్క కూడా చూద్దాం. ఏడాదికి 8,760 గంటలు. ఒక మెగావాటు మర అందులో నాలుగో వంతు శక్తితో పనిచేసినా దాదాపు 22 లక్షల యూనిట్లు వస్తాయి. ఇబ్బందులు లేవని మేం చెప్పం. మెగావాటుకు కోట్ల రూపాయలు కావాలి. ఒక్క ఊరి వల్ల కాకపోతే పది ఊళ్లు కలవాలి. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి చోటు ఎంచుకోవడంలో తప్పితే అప్పే మిగులుతుంది. పైగా గాలి వానాకాలంలో ఎక్కువ, బోర్లకు కరెంటు కావాల్సింది ఎండాకాలంలో ఎక్కువ. అందుకే వాడని యూనిట్లను జమ వేసుకుని తర్వాత వాడుకునే వీలు లేకపోతే చిన్న సంఘం బతకదు.

అందుకే మా డిమాండ్లు నాలుగు. ప్రభుత్వ, ఉమ్మడి భూముల్లో పెట్టే ప్రతి కొత్త ప్రాజెక్టులో చుట్టుపక్కల పంచాయతీలకు అయిదో వంతు వాటా ఇవ్వాలి. పంచాయతీలకు, సంఘాలకు సబ్‌స్టేషన్లలో ముందుగా చోటు కేటాయించాలి. యూనిట్ల జమ, లైను చార్జీల నిబంధనలను పదేళ్లదాకా మార్చమని వాళ్లకు రాసివ్వాలి. కాలం చెల్లిన మరలు తీసి పెద్దవి పెట్టే విధానాన్ని కేంద్రం 2016లో తెచ్చి 2023లో సవరించింది. రామగిరిలాంటి పాత చోట్ల ఆ పని జరిగేటప్పుడు ఊరితో కొత్త ఒప్పందం రాయాలి.

ముందు రాష్ట్రం రానీ, గాలి సంగతి తర్వాత చూద్దామని మనవాళ్లే కొందరంటున్నారు. ఆ మాట మేం ఒప్పుకోం. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కాగితం మీద రాసిన నీటికే దిక్కు లేకపోయింది. ఏ కాగితంలోనూ లేని గాలికి ఎవరు పూచీ? జార్ఖండ్ 2000లో వచ్చింది. బొగ్గుంది, ఇనుముంది. రాష్ట్రం వచ్చినంత మాత్రాన గని పక్క పల్లెకు గని మీద హక్కు రాలేదు. మనకు కావాల్సింది పాలకుల మార్పు ఒక్కటే అయితే ఈ పోరాటమెందుకు? వనరు మీద ఊరికి హక్కు ఉండాలన్నదే మన ఉద్యమ ప్రాణం. ఆ హక్కు ఇప్పుడే అడగడం మొదలుపెడితే, రేపు రాయలసీమ రాష్ట్రం వచ్చిననాడు దాన్ని ఎవరూ పక్కకు తోయలేరు.

ఇంజినీరింగ్ విద్యార్థులారా! మీ మండలంలో గాలి ఏ నెలలో ఎంత వేగంతో వీస్తుందో లెక్క కట్టండి, పంచాయతీ ముందు పెట్టండి. విద్యుత్ ఉద్యోగులారా! లైనూ సబ్‌స్టేషనూ మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు, ఊరివాళ్ల పక్కన కూర్చుని దరఖాస్తు రాయించండి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు పుట్టిన ఊరి సంఘంలో తలా ఒక వాటా తీసుకోండి. ఇకమీదట ఊళ్లోకి గాలిమరల మాట వచ్చిన ప్రతిసారీ గ్రామసభలో ఒక్కటే ప్రశ్న లేవాలి: ఇందులో మా ఊరి వాటా ఎంత?