పట్టీ రంగు మారకముందే

ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణుల పరీక్షలు జరుగుతాయి. మూత్రంలో ముంచిన కాగితపు పట్టీ మీద పసుపు గడి పచ్చబడితే నర్సమ్మ మొహం మారుతుంది. ప్రొటీన్ పోతోందన్నమాట.

కానీ ఆ రంగు వచ్చేసరికే ఆలస్యం. ఇరవయ్యో వారం తర్వాత బీపీ 140/90కి చేరి బయటపడే ప్రీఎక్లాంప్సియా ముదిరితే మూర్ఛలొస్తాయి. గుర్రపు వాతమని మనవాళ్లు భయపడేది దానికే.

ఇంకాస్త ముందే పసిగట్టలేమా? అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 267 మంది గర్భిణులను గమనించి, 2011లో ఒక ఫలితం ప్రకటించారు. కిడ్నీ వడపోతను కాపాడే పోడోసైట్ కణాలు ఊడి మూత్రంలో పడుతున్నాయా అని ఆరో నెల అటూఇటూగా వెతికారు. తర్వాత ప్రీఎక్లాంప్సియా వచ్చిన 15 మందిలోనూ అవి ముందే కనిపించాయి. పోల్చి చూసిన 44 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరికీ లేవు.

ఆశ పుట్టించే లెక్కే, కాకపోతే మరీ చిన్నది. పైగా ఆ కణాలను ప్రయోగశాలలో పెంచి చూడాలి. పట్టీ ముంచినంత సులువు కాదు.

ఇంకో మెలిక ఉంది. ముప్పు ఎక్కువున్న గర్భిణులకు 2017 నాటి ఆస్ప్రే అధ్యయనంలో రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల్లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. ఆ మాత్ర మొదలైంది మాత్రం 11–14 వారాల మధ్య. ఆరో నెల కబురు దానికి అందదు. మూడో నెలలోనే చెప్పగల మూత్ర పరీక్ష కావాలి. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ వెతుకులాట గురించే.