న్యూట్రల్‌లో మిగిలే డీజిల్ ఎంత?

మా కాకకు ఒక బొలెరో పికప్ ఉంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వైపు కూరగాయలు, కిరాణా సామాను, పెండ్లిళ్ల సీజన్‌లో టెంట్‌హౌస్ కుర్చీలు.. ఏ కిరాయి దొరికితే అది. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చిన నేను ఒక శనివారం ఖాళీగా కనిపించేసరికి, "రారా, తోడుంటవ్" అని పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నడు.

పోయేటప్పుడు ఏం కాలేదు. అసలు కథంతా తిరుగు ప్రయాణంలోనే. ఆదిలాబాద్‌లో సోయా బస్తాలు ఎక్కించుకున్నం, టన్నున్నర దాకా. నేరడిగొండ దాటి మహబూబ్ ఘాట్ దిగుడు మొదలు కాగానే కాక క్లచ్ తొక్కి గేర్ తీసేసిండు. బండి న్యూట్రల్‌లో జారుతోంది. ముందు లారీ, పక్కన లోయ. నా చెయ్యి దానంతటదే పైనున్న హ్యాండిల్‌ని పట్టుకుంది.

"కాకా, గేర్ వెయ్యే!"

"డీజిల్ మిగుల్తది రా. ఇరవై ఏండ్ల సంది గిట్లనే దిగుతున్న."

మీ ఇంట్లో, మీ ఊళ్లో బండి నడిపే వాళ్లలో కూడా ఈ మాట అనేవాళ్లు ఒక్కరైనా ఉంటారు. అందుకే కొంచెం లోపలికి వెళ్దాం.

న్యూట్రల్‌లో ఉన్న ఇంజిన్ ఆగిపోకుండా తిరగాలంటే దానికి డీజిల్ కావాలి. అదే గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఈసీయూ ఆ సంగతి గమనించి ఇంజెక్టర్లకు డీజిల్ ఆపేస్తుంది. అంటే ఘాట్ దిగేటప్పుడు గేర్‌లో ఖర్చు దాదాపు సున్నా. న్యూట్రల్‌లో మాత్రం మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

కాక లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేను. సన్నటి వాలులో న్యూట్రల్ బండి ఇంకొంచెం ఎక్కువ దూరం దొర్లుతుంది, అది నిజమే. కానీ ఘాట్‌లో ఎట్లాగూ స్పీడ్ తగ్గించుకోవాల్సిందే కదా. ఆ పని ఇంజిన్ చేయకపోతే మొత్తం బ్రేకుల మీద పడుతుంది. టన్నున్నర లోడ్‌తో మలుపు మలుపుకీ తొక్కుతూ పోతే బ్రేకులు కాలి, పెడల్ తొక్కినా బండి ఆగని స్థితి వస్తుంది. కొందరైతే ఏకంగా ఇంజిన్ ఆపేసి దిగుతారు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌కి, పవర్ స్టీరింగ్‌కి సాయం పోతుంది. తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం కూడా ఉంది. ఇంత రిస్క్ ఎన్ని చుక్కల కోసం?

ఇదంతా చెప్తుంటే కాక విననట్టే ఉన్నడు. కానీ తర్వాతి మలుపు ముందు మూడో గేర్ పడింది. నేనేం అనలేదు.

నిర్మల్‌లో బస్తాలు దించినం. బండి ఖాళీ. ఇక చూడాలి కాక హుషారు! తొంభై మీద పోతున్నడు. "ఖాళీ బండి ఏం తాగుతది రా" అని ధీమా.

డీజిల్ నిజంగా పోయేది ఇక్కడే. బరువు తగ్గింది గానీ, ఎదురుగాలికి లోడ్‌తో సంబంధం లేదు. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఉన్న నిరోధం 80కి వెళ్తే దాదాపు 1.8 రెట్లు, 90కి వెళ్తే రెండుంపావు రెట్లు అవుతుంది. పికప్ ఆకారమేమో గాలికి ఎదురు నిలబెట్టిన బీరువా లాంటిది. దానికి తోడు మా వెనకాల తాడు వదులైన టార్పాలిన్ పటపటా కొట్టుకుంటోంది. ఆపి మడత పెట్టించిన.

మరి మెల్లగా పోతే టైం పోదా అంటారు. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గంటకు 80 చొప్పున గంట, 65 చొప్పున గంటా పద్నాలుగు నిమిషాలు. ఇచ్చోడ దగ్గర కాక తాగే రెండు చాయ్‌ల టైం కంటే తక్కువే అది.

ఈ తరహా పికప్ ఇంజిన్‌కి మంచి లాగుడు 1,400 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్యలో ఉంటుంది. సాఫు రోడ్డు మీద టాప్ గేర్‌లో ఆ హద్దులో ఉంచి, ముందు స్పీడ్ బ్రేకర్ కనిపించగానే కాలు తీసేస్తే చాలు. చివరిదాకా తొక్కి బ్రేక్ వేశామంటే, కొన్న డీజిల్‌ని బ్రేకుల్లో వేడి చేసి పారేసినట్టే. టైర్లలో గాలి సంగతి మీకు తెలిసిందే, పొద్దున టైర్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి, అంతే. ఆన్‌లైన్‌లో అమ్మే మైలేజ్ అయస్కాంతాల జోలికి మాత్రం పోకండి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ ఇట్లాంటి మైలేజ్ పరికరాలను వందకు పైగా పరీక్షిస్తే చాలావాటితో ఏ లాభమూ కనిపించలేదు.

కాకను కదిలించింది మాత్రం ఫిజిక్స్ కాదు, ఈఎంఐ. మెట్‌పల్లిలో ఆగినప్పుడు ఫోన్లో లెక్క చేసి చూపించిన. రానూపోనూ 400 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 12 వస్తే 33 లీటర్లు పైనే కావాలి, 14 వస్తే 29 లోపు సరిపోతుంది. డీజిల్ 95 రూపాయలు దాటింది కాబట్టి ట్రిప్పుకు తేడా 450 దాకా. నెలకు పది ట్రిప్పులైతే 4,500.

"నాకు పన్నెండే వస్తదని నీకెవరు చెప్పిన్రు?" అన్నడు కాక, కొంచెం రోషంగా.

ఎవరూ చెప్పలేదు. ఆయనకూ తెలియదు. రెండు వేలది కొట్టించుడు, ముల్లు పడిపోతే మళ్లీ కొట్టించుడు.. ఇరవై ఏండ్లుగా ఇదే పద్ధతి. అట్లా అయితే మైలేజ్ ఎన్నటికీ తేలదు. అందుకే కరీంనగర్ రాగానే ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేసిన. తర్వాతిసారి అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారితో నమ్మొద్దు, నాలుగైదు సార్లు చూడాలి.

నేను హైదరాబాద్ వచ్చేసిన. మొన్న స్టాండప్ మీటింగ్ మధ్యలో వాట్సాప్ మోగింది. బంకు బిల్లు ఫొటో, దాని వెనక పెన్నుతో రాసిన కిలోమీటర్లు. కింద ఒక వాయిస్ మెసేజ్: "లెక్క జెయ్యరా. ఘాట్ల మూడో గేర్లనే దిగిన. మీ పిన్నికి జెప్పకు, నవ్వుతది."