కరవు తీరాకే బాప్తిస్మం

దానం వెనక ఏదో మతలబు ఉంటుందన్న అనుమానం మనకు కొత్త కాదు. దాత క్రైస్తవుడైతే అది రెట్టింపవుతుంది. బియ్యం మూటతో పాటు మతం కూడా ఇస్తున్నారా అన్న ప్రశ్న చట్టసభల్లోనూ కోర్టుల్లోనూ పదేపదే వినిపిస్తూనే ఉంది. పుదుచ్చేరిని ఆనుకునే ఉన్న తమిళనాడు, ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని 2002లో నేరంగా ప్రకటించింది. 2004లో వెనక్కి తగ్గింది.

ఇదే ప్రశ్న దాదాపు 150 ఏళ్ల కిందట ఒంగోలులో ఒక మిషనరీని వేధించింది. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు. సర్వే పని తెలిసిన మనిషి. 1876-78లో ధాత కరవు విరుచుకుపడినప్పుడు ఆయన గంజి కేంద్రంతో సరిపెట్టుకోలేదు. అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలాది మందికి, ముఖ్యంగా మాదిగ పల్లెలవారికి, అక్కడ పని దొరికింది. నటేశన్ నగర్ నుంచి ఉత్తరంగా వెళితే మరక్కాణం దగ్గర ఆ కాలువ దక్షిణపు కొస కనిపిస్తుంది.

పనిమీద మేస్త్రీలుగా ఉన్నది క్లౌ దగ్గరి తెలుగు బోధకులే. పగలు మట్టి పని, విరామంలో క్రీస్తు కథ. బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్లు పెరిగారు. క్లౌ మాత్రం ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. వస్తున్నది నమ్మకంతోనా, ఆకలితోనా అన్నది ఆయన సందేహం. కరవు సాయం ఆగిపోయాక, 1878 జూలైలో, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులు మారుతూ, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

సందేహం అంతటితో తీరిపోతుందా? తీరదు. ఆకలి వేళ ఆదుకున్న చేతిని మరిచిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఊరికి దూరంగా నెట్టేసిన కులాలకు మనిషిగా పలకరించే మాట కూడా అన్నమంత అవసరమే. అది ప్రలోభమా, గౌరవమా? ఇచ్చినవాడికంటే పుచ్చుకున్నవాడే దీనికి సరైన సాక్షి. మన చర్చల్లో ఆ సాక్షిని పిలిచేది తక్కువ.

దేవుణ్ణి ఎరగడమంటే ఏమిటన్న ప్రశ్నకు బైబిల్లోనే ఒక సూటి జవాబుంది. యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయంలో ప్రవక్త, కూలి ఎగ్గొట్టి దేవదారు మేడ కట్టుకుంటున్న రాజు యెహోయాకీమును దుయ్యబడతాడు. అతని తండ్రి యోషీయా బీదలకు న్యాయం చేశాడని, దేవుణ్ణి ఎరగడమంటే అదేనని తేలుస్తాడు. ఈ లెక్కన భక్తికి కొలబద్ద ప్రార్థన పొడవు కాదు. చందా రసీదు కూడా కాదు. ముందు కూలి, తర్వాతే దానం. క్లౌ కాలువ దగ్గర జరిగింది కూడా బిచ్చం పెట్టడం కాదు, పనికి కూలి ఇవ్వడం.

విదేశీ విరాళాల చట్టాన్ని 2010లో తిరగరాశారు, 2020లో మరింత బిగించారు. పాలనా ఖర్చులకు 20 శాతమే వాడాలి, డబ్బు ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖకు రావాలి. లెక్క చూడటం ప్రభుత్వం పనే, తప్పు లేదు. కానీ చట్టం రూపాయిని లెక్కపెట్టగలదు, ఉద్దేశాన్ని కాదు. ఆ పని దాతే చేసుకోవాలి. ప్రతిఫలం చేతికందే సమయంలో దాన్ని కొన్నాళ్లు నిరాకరించగలగడమే అందుకు పరీక్ష. అది చర్చికే కాదు, మఠాలకూ ట్రస్టులకూ వర్తిస్తుంది. ఎన్నికల ముందు చీరలు పంచే నాయకులకు మరీ వర్తిస్తుంది. పోలింగ్ అయిపోయాక పంచి చూపమంటే ఎందరు నిలుస్తారు?