బ్యాటరీ కాదు చిన్నాయనా!

దేవరకొండ దగ్గర మా ఊళ్లో తెల్లారి ఐదింటికి కారు స్టార్ట్ కాకపోతే, అది ఒక్క మా చిన్నాయన తిప్పలే కాదు. వారానికి రెండుసార్లు ఆ కారులోనే ఒక పెద్దాయన నల్లగొండకు డయాలసిస్‌కు పోవాలి. పత్తి ఏరే రోజుల్లో ఒకనాడు అట్లాగే ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఏడైంది. పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదట. అదే చిన్నాయనకు ఎక్కువ బాధనిపించింది. రాత్రి ఫోన్ చేసి, “ఏడాదిల రెండు బ్యాటరీలు మార్చిన. ఇప్పుడు మూడోది కొనాల్నా ఏంది బిడ్డా?” అన్నాడు.

ఒక్కోటి నాలుగు వేల పైనే. రోజు కిరాయి మీద బతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు పట్టదు, “ఇంజనీరువే గదా” అంటాడు. సరేనని కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న మల్టీమీటర్ కొనుక్కుని, శనివారం మాల్, చింతపల్లి, మల్లేపల్లి మీదుగా ఊరికి పోయిన.

ముందు లెక్క చెప్తా. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేసిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే అదే రెండు టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.5 దాకా చూపించాలి. ఆ పెరిగింది ఆల్టర్నేటర్ పుణ్యం. మన మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉందంటే చార్జింగ్ లేనట్టే, బండి బ్యాటరీని తింటూ నడుస్తున్నట్టే.

పక్కింటి బండికి కేబుల్ కలిపి స్టార్ట్ చేసి, కేబుల్ తీసేసి చూస్తే 12.1. దొరికింది, డైనమో పోయింది అనుకున్న. చిన్నాయన ఒప్పుకోలేదు. “షాపోడు నా ముందటే మీటరు పెట్టి చూసిండు, డైనమో మంచిగనే ఉందన్నడు” అని కారులో కూర్చుని గట్టిగా రేస్ ఇచ్చాడు. మీటరు టక్కున 14.1కి ఎగిరింది! రేస్ తీసేసినా 14 దగ్గరే నిలబడింది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ 12.1. ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్‌తో ఆఫీసులో ఎన్ని రాత్రులు పోయాయో నాకు తెలుసు. అది ఇక్కడ కూడా వెంటబడింది.

ఇక్కడ సాగర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు స్కూల్ టూరులో నాగార్జునసాగర్ పవర్‌హౌస్ గురించి వినే ఉంటారు, 815.6 మెగావాట్లది. అంత పెద్ద జనరేటర్‌లోనైనా నీళ్లు రోటర్‌ను తిప్పితే సరిపోదు. ఆ రోటర్ కాయిల్‌కు కాస్త కరెంటు ఇచ్చి దాన్ని అయస్కాంతం చేయాలి, అప్పుడే కరెంటు పుడుతుంది. కారులోనూ అంతే. మా చిన్నాయనది లాంటి పాత బండ్లలో ఆ మొదటి కరెంటు డాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ లైటు గుండానే వెళ్తుంది. అది వార్నింగ్ లైటు మాత్రమే కాదు, డైనమోను నిద్ర లేపేది కూడా. ఆ దారి తెగితే రోటర్‌లో మిగిలి ఉన్న కొంచెం అయస్కాంతమే దిక్కు. అది గట్టిగా తిప్పితే గానీ లేవదు. ఒకసారి లేచాక తన కరెంటు తానే తీసుకుని, బండి ఆపేదాకా నడుస్తుంది.

తాళం తిప్పి చూసిన. ఇంజిన్ స్టార్ట్ కాకముందు వెలగాల్సిన ఎర్ర లైటు వెలగలేదు.

“అది ఎప్పుడో బందైంది బిడ్డా. లైటు రాకుంటే మంచిదే గదా?”

ఆయన్ని ఏమంటాం? ఇంజిన్ నడుస్తుండగా లైటు వస్తే అందరం భయపడతాం. తాళం తిప్పినప్పుడు రాకపోతే ఎవరం చూడం.

డైనమోకు పోయే సన్న వైరు ప్లగ్ తీసి, తాళం ఆన్‌లో పెట్టి, వైరు కొసను ఇంజిన్ ఇనుముకు తాకించిన. లైటు వెలిగితే వైరు, బల్బు మంచివి, తప్పు డైనమోలో ఉన్నట్టు. వెలగలేదు. బల్బు బాగానే ఉంది. వైరు వెంట వేలితో తడుముతూ పోతే, బ్యాటరీ ట్రే వెనకాల ఎలుక కొరికిన చోటు దొరికింది. కారు నిలిపేది పత్తి పోసే రేకుల షెడ్డులో మరి! మల్లేపల్లిలో ఆటో ఎలక్ట్రీషియన్ వైరు అతికి, పైన స్లీవ్ వేసి 150 రూపాయలు తీసుకున్నాడు. స్టార్ట్ చేయగానే, రేస్ ఇవ్వకుండానే 14.2.

బ్యాటరీ షాపతను అబద్ధం చెప్పలేదు. అతను రేస్ ఇచ్చి చూశాడు, డైనమో లేచింది. నల్లగొండ రోడ్డు మీద కూడా అట్లాగే లేచేది. ఊళ్లో మెల్లగా తిరిగే చిన్న కిరాయిలకే లేవలేదు. సగం చార్జింగ్‌తో నెలల తరబడి నడిచి బ్యాటరీలు నిజంగానే చచ్చాయి. వాటిని చంపిందెవరో ఎవరూ అడగలేదు.

మీ బండికి ఇదే రోగం ఉండాలని లేదు. బెల్టు వదులైతే కీచుమంటుంది. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి బూజు పట్టినా చార్జింగ్ సరిగ్గా ఎక్కదు. లోపల బ్రష్‌లు అరిగిపోవచ్చు, డయోడ్ పోవచ్చు. డయోడ్ పోతే రాత్రి ఊరికే నిలబడ్డ బండిలో కూడా బ్యాటరీ దిగిపోతుంది. కొత్త బండ్లలో చార్జింగ్‌ను కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి 13 లోపు కనిపించగానే కంగారు పడకండి, నేను చేసినట్టు వైరు పీకి ఇనుముకు తాకించకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి “బండి ఆగలేదు, డైనమో ఓకే” అనే పాత టెస్టు ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఎగిరి ఈసీయూ పోతే ఆ ఖర్చు ముందు బ్యాటరీ ఎంత!

రాత్రి దారిలో ఎర్ర లైటు వస్తే ఏసీ, పాటలు బంద్ చేసి, ఇంజిన్ ఆపకుండా దగ్గరి ఊరు చేరండి. టెంపరేచర్ ముల్లు మాత్రం చూస్తుండండి. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది, తెగిందంటే ఇంజిన్ కాలిపోతుంది. ముల్లు లేస్తే వెంటనే ఆపాల్సిందే.

మల్టీమీటర్ చిన్నాయన దగ్గరే ఉంచేసుకున్నాడు. డయాలసిస్ రోజు పొద్దున ఐదింటికి నాకు వాట్సాప్‌లో మీటరు ఫొటో వస్తుంది. ఎలుక మాత్రం ఇంకా దొరకలేదట.